చెయ్యి మంచిది కాదు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆ సామెత కట్టినవాళ్ళకి పిల్లల సంగతి అంతగా తెలియదని నా అనుమానం. నాకున్న బుద్ధుల్లో చాలావాటికి పుట్టుకతో సంబంధం లేదు. అవి నా ఏడో ఏట, మా దొడ్లో, మిరపనారు మడి పక్కన నిలబడి మా నాయనమ్మ అన్న ఒక్క మాటతో వచ్చాయి. ఇప్పుడు నా మనవరాలు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. మనిషి స్వభావం ఎలా తయారవుతుందో పుస్తకం ముందేసుకుని నాకు విడమరిచి చెబుతుంటే, నా రెండు చేతులూ నాకు తెలియకుండానే కొంగు కిందికి పోతాయి. ఇంత వయసొచ్చాక కూడా ఈ సిగ్గేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను.

మాది చిలకలూరిపేటకి దగ్గర్లో నల్లరేగడి పల్లె. పత్తి, మిరప తప్ప మా వాళ్ళకి వేరే ప్రపంచం లేదు. ఆషాఢంలో వానలు పడ్డాక దొడ్లోనో, బావి దగ్గరో నారుమడి కట్టేవాళ్ళు. మట్టిని పిండిలా చేసి, ఎత్తుగా మడి తీర్చి, మిరపగింజల్ని ఇసకలో కలిపి చల్లి, పైన మాగిన ఎరువు పల్చగా కప్పి, గడ్డి పరిచి నీళ్ళు చిలకరించేవాళ్ళు. పనంతా ఎవరు చేసినా మొదటి పిడికెడు గింజలు మాత్రం చెయ్యి మంచిదని పేరున్న ఆడమనిషే చల్లాలి. అలాంటి చెయ్యి ఊళ్ళో ఏ ఇంట్లో ఉన్నా వెళ్ళి పిలుచుకొచ్చేవాళ్ళు. ఆవకాయ కలపాలన్నా, కొత్తగా ఈనిన గేదె పాలు తోడెయ్యాలన్నా, పత్తిచేలో తీత మొదలు పెట్టాలన్నా ఆ చెయ్యే కావాలి. వైద్యుడికి హస్తవాసి ఉంటుందని అందరూ అంటారు. మా ఊళ్ళో అది ప్రతివాళ్ళకీ ఉండేది. కొందరిది మంచిది, కొందరిది కాదు.

నేను ఇంట్లో మొదటి మనవరాలిని. ఆ ఏడు నాయనమ్మ ముచ్చటపడి నా చేత గింజలు చల్లించింది. తలంటు పోసి, కొత్త పరికిణీ కట్టి, మడి అంచున నిలబెట్టారు. నా పిడికిట్లో గింజలు ఎన్ని పట్టాయో ఏమో గాని, గర్వం మాత్రం చాలా పట్టింది. మొలకలు చక్కగా లేచాయి. నాయనమ్మ నన్ను ఎత్తుకుని మరీ చూపించింది. ఆ తర్వాత ముసురు పట్టింది. మడుల్లో నీళ్ళు నిలిచి మొలకలు మొదళ్ళ దగ్గర మెత్తబడి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. ఆ ముసురుకి ఊళ్ళో చాలామంది నారు పోయింది. అందరిదీ వాన వల్ల పోయింది, మాది మాత్రం నా వల్ల పోయింది.

ఎందుకంటే అంతకు ముందు ఎండాకాలంలో, పెద్దవాళ్ళు ఆవకాయ కలుపుతుంటే నేనూ ఉబలాటంగా చెయ్యి పెట్టాను. ఆ జాడీ శ్రావణం రాకముందే బూజు పట్టింది. నాయనమ్మ ఈ రెండింటినీ కలిపి చూసుకుంది. కుళ్ళిన నారు మడి పక్కన నిలబడి, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా, మా అమ్మతో అంది:

"దీని చెయ్యి మంచిది కాదే. ఇకనుంచి దేన్నీ ముట్టుకోనివ్వకు."

ఆ ఇంట్లో అత్తగారి మాటకి ఎదురు మాట్లాడే కోడలు కాదు మా అమ్మ. ఆ సాయంత్రం నేను పాలు తోడెయ్యబోతే మాత్రం గబుక్కున నా చేతిలోంచి గరిటె లాక్కుంది. "అమ్మో, నువ్వు వద్దు" అంది. ఆ మాటలో కోపం లేదు. పిల్లలు కాగే పాలగిన్నె మీదికి వెళుతుంటే తల్లులు ఎలా అంటారో అలాగే అంది. అప్పటినుంచి నేను ఏది ముట్టుకోబోయినా అదే మాట. కొట్టి ఉంటే ఏడ్చి మరచిపోయేదాన్ని. ఇలా ప్రేమగా అంటుంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

మరుసటి ఏడు నాకంటే చిన్నది, మా చెల్లెలి చేత గింజలు చల్లించారు. ఆ ఏడు వానలు బుద్ధిగా కురిశాయి. నారు ఏపుగా లేచింది. దాంతో మా చెల్లెలిది చలవ చెయ్యి అయిపోయింది. ఆషాఢం వస్తే చాలు, ఊరంతా దాన్ని చేతుల మీద తిప్పేవాళ్ళు. బెల్లం ముక్కలు, గుగ్గిళ్ళు, రిబ్బన్లు ఒడినిండా తెచ్చుకునేది. తెచ్చినవన్నీ నాకు సగం పెట్టేది, పాపం. నాకు దాని మీద అసూయ ఉండేదని మీరనుకుంటారేమో. లేదు. బడికి వెళ్ళేటప్పుడు దాని చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచేదాన్ని. దాని చలవ కాస్త నాకు అంటుకోకపోతుందా అని నా ఆశ. ఒకరోజు నాయనమ్మ అరుగు మీంచి చూసి కేకేసింది.

"ఒసేయ్, దాని చెయ్యి వదులు. నీది దానికి అంటుకుంటుంది."

వీధిలో అందరూ వింటుండగా అంది. నేను వదిలేశాను. ఆ తర్వాత చెల్లెలు తనంతట తానే నా చెయ్యి పట్టుకోబోయినా నేను పట్టుకోనివ్వలేదు.

అక్కణ్ణించి చేతులు దాచుకోవడం నేర్చుకున్నాను. పరికిణీ కుచ్చెళ్ళలో, తర్వాత ఓణీ చెంగు కింద. బళ్ళో మాస్టారు లెక్క అడిగి, తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి అనేవారు. తెలిసేది గాని ఎత్తేదాన్ని కాదు. అంతమందిలో ఆ చెయ్యి పైకి లేపి చూపించడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. కొన్నాళ్ళకి మాస్టారు మా నాన్నతో, "పెద్దమ్మాయి కాస్త మొద్దండి" అన్నారు. ఇంట్లో ఏదైనా పట్టుకుంటే చెయ్యి వంకే చూసుకుంటూ నడిచేదాన్ని. అలా చూసుకుంటూ నడిస్తే ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారుతుంది. జారగానే నలుగురూ మొహమొహాలు చూసుకునేవాళ్ళు. నాకు నిదానం లేదన్నారు. చేతికి పని లేకపోయేసరికి నోరు పెరిగింది, ఎవరేమన్నా తిరిగి నాలుగు అనడం మొదలుపెట్టాను. గయ్యాళి అన్నారు. ఒక్క మాట పిల్లల్ని పెట్టి ఇంత సంసారం అయింది. వీటిలో ఏది నా అసలు స్వభావమో, ఏది ఆ మాటకి పుట్టిందో మనవరాలి పుస్తకంలో రాసి ఉందేమో గాని నాకైతే ఇప్పటికీ తెలియదు.

ఒక్కచోట మాత్రం నన్ను రానిచ్చేవాళ్ళు. మాఘమాసంలో మిరప కళ్ళంలో కాయలు ఎండబోసి, ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని తెల్లబడిన తాలుకాయలు ఏరేవాళ్ళు. ఎండిపోయిన కాయకి నా చెయ్యి కొత్తగా చేసే చెరుపేముంది? మిగతావాళ్ళు మంట పుట్టకుండా చేతులకి ఆముదం రాసుకునేవాళ్ళు. నేను రాసుకునేదాన్ని కాదు. అరచేతులు భగభగ మండుతుంటే లోపలున్న చెడేదో కాలిపోతోందని నాకో పిచ్చి నమ్మకం. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా తల దించుకునే రాస్తున్నాను.

పెళ్ళీడు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో అడగొద్దంది నాయనమ్మ. అందరికీ దీని సంగతి తెలుసు, దూరం చూడండి అంది. చూశారు. కనిగిరి వైపు మెట్ట ఊరు. అక్కడ నేల ఎర్రది, నీళ్ళు లోతు, బావి కింద కాస్త మిరప వేసుకుంటే అదే మాగాణి. అప్పగింతల తర్వాత తల్లులు కూతుళ్ళకి ఎన్నో చెబుతారు. అత్తగారి కంటే ముందు లేవమంటారు, మాటకి మాట అనొద్దంటారు. మా అమ్మ నా చెవిలో ఒక్కటే చెప్పింది.

"చెయ్యి సంగతి ఎవరికీ చెప్పకు."

మొదటి ఏడు నన్ను ఆషాఢమే కాపాడింది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు కదా, పుట్టింటికి పంపేశారు. అక్కడ చెల్లెలు గింజలు చల్లుతుంటే ఎప్పటిలాగే గోడ పక్కన నిలబడి చూశాను. రెండో ఏడు ఆ సాకు లేదు. మా అత్తయ్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బావి దగ్గర మడి సిద్ధం చేయించి నన్ను పిలిచింది.

"రామ్మా, ఈ ఏడు నువ్వు చల్లు. ఇంటికొచ్చిన కోడలివి."

కడుపులో నొప్పిగా ఉందని చెప్పాను. "అయితే పడుకో. రేపు చల్లుదాం, గింజలు యాడికి పోతాయి" అంది. మర్నాడు తప్పించుకోవడానికి నాకు ఇంకో అబద్ధం తోచలేదు. గింజలు పిడికిట పట్టి, కళ్ళు మూసుకుని విసిరితే సగం మడికి అవతల పడ్డాయి. ఇక చూడండి నా అవస్థ. రోజూ తెల్లారగానే చెంబు పట్టుకుని బావి వైపు వెళ్ళడం, గడ్డి పరక తొలగించి మడి చూడటం, మళ్ళీ కప్పడం. నారు పోతే ఇక్కడా అదే పేరు. ఈసారి ఇంకా దూరం సంబంధం చూసి పంపెయ్యడానికి ఇది పుట్టినిల్లు కూడా కాదు. దేవుణ్ణి వాన కావాలని అడగాలో, వద్దని అడగాలో కూడా తెలియలేదు.

నారు పేనుదువ్వెన పళ్ళంత ఒత్తుగా లేచింది. అత్తయ్య గడ్డి మొత్తం ఎత్తేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "మా కోడలి చెయ్యి మంచిది" అంది. నాలుగిళ్ళ అవతలికి వినబడేలా అంది. ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట కాబట్టి ఊరు నమ్మింది. తర్వాతి ఏటినుంచి నన్ను ఇళ్ళకి పిలవడం మొదలైంది.

సంతోషించానా అంటే, సిగ్గుపడ్డాను. ఎవరిదో నగ పెట్టుకుని పేరంటానికి వెళ్ళినట్టుండేది. బొట్టుపెట్టి పిలిచినవాళ్ళ మొహం చూడలేకపోయేదాన్ని. వీళ్ళకి తెలిస్తే అనుకుంటూనే చల్లేదాన్ని, అనుకుంటూనే ఆవకాయలు కలిపేదాన్ని. ఒక మడి బాగుండేది, ఒకటి పోయేది. పోయిన చోట పురుగనో, ఎండనో వాళ్ళే సర్దుకునేవాళ్ళు. నా జోలికి వచ్చేవాళ్ళు కాదు. మంచి పేరుకున్న సౌకర్యం అదే. చెడ్డపేరు ఉన్నవాళ్ళకి వాన గాని పురుగు గాని సాక్ష్యానికి రావు.

అలా ఏళ్ళు గడిచేకొద్దీ నేనే మారిపోయాను. చేతిలోంచి వస్తువులు జారడం ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు. నోటి దురుసూ తగ్గింది. "మీ కోడలు ఎంత నెమ్మదస్తురాలో" అని ఎవరో అంటే, ఎవర్ని అంటున్నారోనని వెనక్కి తిరిగి చూశాను. కొన్నాళ్ళకి తిరిగి చూడటం మానేశాను. అప్పటికి పందొమ్మిది వందల అరవైలు సగం దాటాయి. నాకో కొడుకు కూడా పుట్టాడు. పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు మాత్రం మళ్ళీ చేతులు ఓ మూల పెట్టుకుని కూర్చునేదాన్ని.

నాయనమ్మ పోయింది. ఆ మరుసటి ఎండాకాలం అమ్మ మొదటిసారి మా ఊరు వచ్చింది, నాలుగు రోజులు ఉండేలా. అత్తగారు బతికున్నన్నాళ్ళూ గడప దాటే తీరిక లేని మనిషి. ఒంగోలు దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు మారి, సంచిలో నేతిగారెలు మోసుకుని వచ్చింది. అత్తయ్య ఆవిడకోసం ఆవకాయ పని ఆపి ఉంచింది. కూతురికి ఊళ్ళో ఉన్న పేరు తల్లి కళ్ళారా చూడాలని ఆవిడ ముచ్చట. ఆ ఉదయం వీధిలో ఆడవాళ్ళు కూడా తమ మామిడి ముక్కలు బేసిన్లలో పట్టుకుని మా వసారాలోకి వచ్చారు. ఏటా అందరివీ మొదట నేనే కలిపేదాన్ని.

తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని పీట మీద కూర్చున్నాను. అమ్మ ఎదురుగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. వెడల్పాటి పళ్ళెంలో ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు పోశారు. అత్తయ్య నూనె పోస్తూ అంది:

"మీ అమ్మాయి చెయ్యి బంగారం వదినా. ఈ ఊళ్ళో పచ్చళ్ళన్నీ ఆ చేతివే."

నేను అమ్మ వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. పళ్ళెంలో చెయ్యి పెట్టాను. వేళ్ళు నూనెలో మునిగి, కారం మణికట్టు దాకా వచ్చింది.

"అమ్మో! దాని చేత వద్దండీ!"

అమ్మే. లేచి నిలబడింది కూడా.

"ఏంది వదినా?" అంది అత్తయ్య.

"అంటే... చిన్నప్పట్నుంచీ దాని చెయ్యి..." అని అమ్మ ఆగిపోయింది. అన్నది ఎక్కడో, ఎవరి ముందో అప్పుడు తెలిసొచ్చింది ఆవిడకి. నోటి మీద చెయ్యి వేసుకుంది.

నా చెయ్యి పళ్ళెంలో లేదు. ఎప్పుడు తీశానో నాకు తెలియదు. నూనె కారుతున్న చేతిని అలాగే వీపు వెనక దాచుకున్నాను, చీరంతా ఎర్రగా మరకైంది. పక్కింటావిడ తన బేసిన్‌ని మెల్లగా ఒళ్ళోకి లాక్కుని పైన కొంగు కప్పుకుంది. నిన్నటిదాకా నన్ను బొట్టుపెట్టి పిలిచిన మనిషి.

అత్తయ్య అది చూసింది. ఆవిడకి కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇన్నేళ్ళూ నా మడి చల్లింది ఈ చెయ్యేగా? ఎవరో ఏదో అన్నారని తీసేస్తావా? పెట్టు. కలుపు."

పెట్టాలనుకున్నాను, నిజంగా అనుకున్నాను. అంతమంది ముందు నా కోసం అత్తయ్య నిలబడింది. ఆ బావి దగ్గర లేచిన నారంతా ఆవిడ పక్షాన సాక్ష్యం. అయినా నా చెయ్యి రాలేదు. వీపు వెనక బిగుసుకుపోయింది. ఈ ముక్కలన్నీ చెడిపోతే, అనుకున్నాను. అమ్మ ఆ మాట అనడానికి కాస్త సమయమైనా పట్టింది. నమ్మడానికి నాకు అది కూడా పట్టలేదు. నేను సిగ్గుపడేది అమ్మ అన్నందుకు కాదు, నేను నమ్మినందుకు. ఆ నెమ్మదస్తురాలు, ఆ బంగారం చెయ్యి, అన్నేళ్ళ కాపురంలో నాకు నేను కట్టుకున్న మనిషంతా ఒక్క కేకకి లేచి పారిపోయింది. పీట మీద ఏడేళ్ళ పిల్ల కూర్చుని ఉంది.

చివరికి అత్తయ్యే పైట దోపుకుని అందరివీ కలిపేసింది. నేను దొడ్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

ఆ ఆషాఢంలోనూ అత్తయ్య నన్నే పిలిచింది. చల్లాను. మొలిచింది. ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళు పిలవడం మానేశారు, కొందరు మానలేదు. అదేం పెద్ద కష్టం కాదు. తెల్లారగట్ల చెంబు పట్టుకుని గడ్డి ఎత్తి చూడటం మాత్రం మళ్ళీ మొదలైంది, నేను వ్యవసాయం ఇంట ఉన్నన్నాళ్ళూ ఆగలేదు.

అమ్మ నాలుగు రోజులుందామని వచ్చినది మర్నాడే బయలుదేరింది. ఉండమని అత్తయ్య మర్యాదకి అడిగింది గాని బలవంతం చెయ్యలేదు. బస్సు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో నిలబడ్డాక అమ్మ సంచి కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడూ లేనిది, నా కుడిచెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. గోళ్ళ సందుల్లో కారం ఇంకా ఎర్రగానే ఉంది.

"కావాలని అనలేదే. అంతమందిలో నీ పరువు తియ్యాలని నాకెందుకుంటుంది? అన్నేళ్ళు అనీ అనీ నోటికి అలవాటైపోయింది. అలా వచ్చేసింది."

దూరంగా దుమ్ము లేచింది, బస్సు వస్తోంది. ఆవిడ ఏడుస్తూ బస్సెక్కడం నాకు ఇష్టం లేదు. ఓదార్చాలనే అన్నాను.

"పోనీలే అమ్మా. నాకూ అలవాటేగా."

అమ్మ ఏడుపు ఆగిపోయింది. నా చెయ్యి వదల్లేదు, పట్టుకుని నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. కండక్టరు రెండుసార్లు పిలిస్తే గాని ఆవిడ కదల్లేదు.